పేనుకొరుకుడు, ఎదురుగది వసుంధర

ఆయుర్వేద కాలేజీ నుంచి కొత్తగా బయటికొస్తున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "చిన్నపిల్లల్లో పేనుకొరుకుడు గురించి మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం" అని అడిగారు. నన్ను అడిగినందుకు సంతోషించాను. కాఫీ ఇచ్చి పంపాక తెలిసింది, వాళ్లు ముందు వసుంధర దగ్గరికి వెళ్లారట. ఆమె "నాకు రాసుడు రాదు బిడ్డా, సీతామహాలక్ష్మిని అడుగుండ్రి" అని తప్పించుకుందట. అంటే ఇది కూడా ఆమె వద్దన్నాకే నా దాకా వచ్చిందన్నమాట. రాయకూడదనే అనుకున్నాను. కానీ నేను రాయకపోతే ఈ జబ్బుకు సికింద్రాబాద్‌లో వైద్యం చేసింది వసుంధర ఒక్కతే అన్న మాట అలాగే మిగిలిపోతుంది. అందుకని రాస్తున్నాను.

వసుంధర, నేను కాలేజీలో ఒకే బ్యాచ్. తర్వాత స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద దవాఖానాలో ఉద్యోగమూ ఒకేసారి. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్లయింది అన్నీ సికింద్రాబాద్‌లోనే. పరీక్షల్లో నాకు ఎప్పుడూ ఆమెకన్నా ఎక్కువ మార్కులు వచ్చేవి. ఈ సంగతి ఎక్కడో ఒకచోట చెప్పక తప్పదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

ముందు జబ్బు సంగతి

రాత్రి మామూలుగా పడుకున్న పిల్ల పొద్దున లేచేసరికి తలమీద బిళ్లంత మేర జుట్టు ఉండదు. దువ్వెన పెట్టిన తల్లి కెవ్వున అరుస్తుంది. మనవాళ్లు దీన్ని పేను కొరికేసింది అంటారు. పేనుకు ఈ పాపంతో ఏ సంబంధమూ లేదు. మన గ్రంథాల్లో ఇంద్రలుప్తం అన్నారు. పేరు ఏదైనా, ఆ తల్లికి మాత్రం కూతురి పెళ్లి దాకా ఆలోచనలు పరుగెత్తుతాయి. పిల్లకు ఆ భయమే జబ్బుకన్నా ముందు అంటుకుంటుంది.

మా పైఅధికారి పరంధామయ్య గారు. పంచె కట్టుకుని డ్యూటీకి వచ్చిన ఆఖరి మనిషి ఆయనే అనుకుంటాను. మేం చేరిన కొత్తలో ఒక పిల్లవాడి తల చూపించి, "కళ్లు మూసుకుని వేలితో చూడండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. చూశాక నవ్వు పోయింది. పేనుకొరుకుడు అయితే ఆ చోటు చెంపలాగా నున్నగా ఉంటుంది. పొట్టు తగిలి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి గరుగ్గా ఉంటే అది తామర. దానికి నూనెలు రాస్తూ కూర్చోకుండా చర్మ వైద్యుడి దగ్గరికి పంపాలి. పొడుగూ పొట్టీ వెంట్రుకలు కలిసి చేతికి తగిలితే, ఆ పిల్ల తన జుట్టు తనే పీక్కుంటోందని అర్థం. అప్పుడు మందు తలకు కాదు, ఇంట్లో వాళ్లకు వేయాలి. ఈ మూడింటికీ తేడా తెలియకుండా నూనె సీసా మూత తీసేవాళ్లను నేను డాక్టర్లు అనను.

వైద్యం గురించి పెద్దగా దాచేదేమీ లేదు. ఆ చోట మెల్లగా రుద్ది కొంచెం ఎరుపెక్కాక లేపం పెట్టడం, గుంటగలగరాకు తైలం, కడుపు శుభ్రంగా ఉంచడం, పిల్లను పెందలాడే పడుకోబెట్టడం. ఎవరో చెప్పారని గురివింద గింజలు ఇంట్లో నూరి రుద్దేవాళ్లు ఉంటారు. శుద్ధి చేయని గురివింద విషం. అలా రుద్దుకొచ్చిన ఒక పసివాడి తల బొబ్బలెక్కి, వాడు దిండుమీద తల ఆనించలేక కూర్చునే నిద్రపోయాడు. ఉల్లిగడ్డ రసం పోసి మాడు మండబెట్టుకొచ్చినవాళ్లకు లెక్కే లేదు. మొదటి రోజే ఏమేం రాశారని గట్టిగా అడగండి. ఏమీ రాయలేదంటారు, మళ్లీ అడగండి.

పరంధామయ్య గారు ఇంకో మాట అనేవారు. "చాలామంది పిల్లలకు కొన్నాళ్లకు దానంతట అదే వస్తుంది. మందు కొంత చేస్తుంది, కాలం కొంత చేస్తుంది. మనది ఎంతో ఎవరూ చెప్పలేరు. అందుకని ఈ జబ్బులో పేరు కోసం పాకులాడకండి." నేను ఆయన చెప్పినవన్నీ పాటించాను, ఈ ఒక్కటీ తప్ప.

ఎదురు గది

మా దవాఖానాలో వరండాకు అటో గది, ఇటో గది. తూర్పు వైపుది నాది. నా గదిలో ఫ్యాను బాగా తిరిగేది. ఆమె గదిలో ఫ్యాను చప్పుడు మాత్రమే చేసేది. అయినా పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఆమె గది ముందే చెమటలు కక్కుకుంటూ కూర్చునేవారు. నేను చల్లగా, ఒంటరిగా, భూతద్దం తుడుచుకుంటూ కూర్చునేదాన్ని.

ఆమె చేసే వైద్యంలో నాకు తెలియనిది ఒక్కటి కూడా లేదు. ఇది గర్వంతో కాదు, చూసి చెబుతున్నాను. తలుపు సందులోంచి చాలాకాలం చూశాను. టోపీ పెట్టుకుని బిక్కమొహంతో వచ్చిన పిల్లవాణ్ని "ఏం పటేలా, ఎండ బాగున్నదా బయట? జెర నీ టోపీ నాకియ్యవా?" అనేది. వాడు తీసి ఇచ్చేవాడు. ఆమె దాన్ని తన నెత్తిన పెట్టుకుని మందు చీటీ రాసేది. అదే పిల్లవాడు నా గదిలో అయితే రెండు చేతులతో టోపీని పట్టుకుని దవాఖానా ఎగిరిపోయేలా ఏడ్చేవాడు.

తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే, జుట్టు వస్తుందా అని. "చాలామందికి వస్తుంది. కొందరికి రాదు. మీ అమ్మాయి ఏ రకమో కొన్నాళ్లు చూస్తేగానీ చెప్పలేను" అని నేననేదాన్ని. అందులో అబద్ధం ఎక్కడుంది? ఎదురు గదిలోంచి వినబడేది, "వస్తది తియ్ బిడ్డా, యాడికి పోతది?" ఆ తల్లి మొహం వెలిగిపోయేది. నా కడుపు మండిపోయేది.

పరంధామయ్య గారు ఒకరోజు ఇద్దర్నీ పిలిచి టీ తాగిస్తూ, "సీతా, నీ చూపు మంచిది. మాట గరుకు. వసుంధరా, నీ మాట వెన్న. కొంచెం పుస్తకం తెరువు" అన్నారు. వసుంధర పకపకా నవ్వి "తెరుస్త సార్" అంది. తెరవలేదు. నేను ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి మెత్తగా మాట్లాడటం సాధన చేశాను. మా ఆయన చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. అక్కడితో మానేశాను.

తెల్ల వెంట్రుకలు

యాదమ్మ నేరేడ్‌మెట్ చౌరస్తాలో బండి మీద ఇడ్లీలు, దోసెలు అమ్మేది. రెండో తరగతి చదివే కూతురు స్వప్నను తీసుకుని వచ్చింది. ఎదురు గది ముందు జనం ఎక్కువై, బండి దగ్గరికి తొందరగా వెళ్లాలని నా గదిలోకి వచ్చింది. అలా వచ్చినా నేనేమీ అనుకోలేదు. ఆ పిల్ల తల వెనక రెండు మచ్చలు, నున్నగా, పుస్తకంలో ఉన్నట్టే. ఈ పిల్లకు జుట్టు తెప్పించి తీరాలని పట్టుబట్టాను. లేపం నేనే నూరాను. నూనె నేనే కాచాను. వారం వారం నా చేతులతోనే రుద్దాను. స్వప్న ఏడ్చేది కాదు, అలాగని మాట్లాడేదీ కాదు.

నెలలు గడిచాయి. ఒకరోజు భూతద్దంలో చూస్తే ఆ నున్నటి చోట నూగులాగా సన్నటి వెంట్రుకలు కనిపించాయి. నాకు లేచి గంతేయాలనిపించింది. కొత్తగా వచ్చేవి మొదట తెల్లగానే వస్తాయి, తర్వాత నల్లబడతాయి. నాకది తెలుసు. యాదమ్మకు తెలియదు. వారం తిరక్కముందే పిల్లను ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏం నూనె ఇచ్చినవమ్మా నువ్వు? నా బిడ్డకు తెల్లెంటికలు వస్తున్నయ్! రెండో తరగతిల ముసల్ది అయితున్నది!"

"అవి కొత్తవమ్మా. అలాగే వస్తాయి. జబ్బు తగ్గుతోందని అర్థం."

"తెల్లగొస్తే తగ్గుడేంది? గట్ల ఎవరికన్న ఉంటదా? పదవే స్వప్నా."

నేను ఇంకా ఏదో చెబుతున్నాను. ఆమె వరండా దాటి ఎదురు గదిలోకి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు స్వప్న జుట్టు నల్లబడింది, ఒత్తుగా వచ్చింది. యాదమ్మ డబ్బానిండా సకినాలు చేసి తెచ్చింది. నేరుగా ఆ గదిలోకే తీసుకెళ్లింది. "నా బిడ్డను నిలబెట్టినవ్ మేడమ్మా" అని ఆమె ఏడుస్తూ అన్న మాట వరండా అంతా వినబడింది. నాలుగు సకినాలు కాగితంలో చుట్టి అటెండరు నా బల్లమీద పెట్టాడు. వసుంధర మేడం ఇవ్వమన్నారట. వాటిని ముట్టుకోలేదు. సాయంత్రం అతనే తినేశాడు.

ఇంటికి వెళ్లే ముందు ఆమె గదిలోకి వెళ్లి నిలదీశాను.

"ఏం మందిచ్చావు ఆ పిల్లకు?"

"నేనేం ఇయ్యలేదే. నువ్విచ్చిన నూనెనే రాయమన్న. నల్లగైతయ్ తియ్, పరేషాన్ గాకు అని చెప్పిన."

"నా నూనె అని చెప్పావా?"

"చెప్పిన. సీత మేడం మందుకే వచ్చినయ్, సకినాలు ఆమెకియ్యి అన్న. నమ్మలే. నువ్వంటె ఆమెకు భయమే సీతా."

అబద్ధం చెప్పే మనిషి కాదు వసుంధర. అదే నాకు మింగుడు పడనిది. పేరు ఆమెకే వచ్చింది. మంచితనమూ ఆమెకే దక్కింది. నా పేరు కొట్టేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

ఆ తర్వాత ప్రతి తల్లికీ మొదటి రోజే చెప్పడం మొదలుపెట్టాను, తెల్లగా వస్తాయి, భయపడొద్దు, అవే నల్లబడతాయి అని. మీరూ చెప్పండి. ఎంత బాగా వైద్యం చేసినా ఈ ఒక్క మాట ముందు చెప్పకపోతే మీ పిల్ల ఎదురు గదికి వెళ్లిపోతుంది.

అప్పటి నుంచి నాకు ఒకే కోరిక ఉండేది. చెబితే చిన్నపిల్లలా ఉంటుంది. వసుంధర తన నోటితో, ఒక్కసారి, "ఈ విషయంలో నాకన్నా నీకే ఎక్కువ తెలుసు" అనాలి. దవాఖానా వదిలే రోజు ఆమె నాకు పూలదండ వేసి, చీర పెట్టి, కౌగిలించుకుని ఏడ్చింది. ఆ మాట మాత్రం అనలేదు.

రిటైరయ్యాక

ఆమె ఏ.ఎస్. రావు నగర్‌లో మిఠాయి దుకాణం పైన క్లినిక్ పెట్టింది. మెట్లమీద కూడా పిల్లలు కూర్చుని ఉంటారని చెప్పుకుంటారు. నాకు చూడాల్సిన అవసరం లేదు గానీ, కూరగాయలకు వెళ్లే బస్సు సరిగ్గా ఆ బోర్డు ముందే ఆగుతుంది. తల అవతలికి తిప్పుకుంటాను, మళ్లీ కంటి చివర్నుంచి చూస్తాను. నేను నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ముందు గదిలోనే ఓ బల్ల వేసుకుని కూర్చున్నాను. వచ్చేవాళ్లు వస్తారు. మెట్లమీద కూర్చోవాల్సిన అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

ఈమధ్య ఒక ఆదివారం మా గేటు ముందు ఆటో ఆగింది. దిగింది వసుంధర. వెనకాలే ఆమె కూతురు శిల్ప, మనవరాలు అహన. అహనకు తొమ్మిదేళ్లుంటాయి. అంత ఎండలో ఉన్నిటోపీ పెట్టుకుని ఉంది. వసుంధర ఎప్పట్లా గేటు దగ్గరి నుంచే అరవలేదు. లోపలికొచ్చి కూర్చుని, అందరి ముందూ అంది.

"నాతోని అయితలేదు సీతా. నువ్వే చూడు. నెత్తి సంగతి నీకు తెలిసినంత నాకు తెల్వది."

వచ్చేసింది ఆ మాట. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. దాచడం ఎందుకు, నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ పిల్ల ఏడుపుమొహంతో ఎదురుగా కూర్చుని ఉండగానే సంతోషించాను. లోపలికి వెళ్లి భూతద్దాన్ని చీర చెంగుతో రెండుసార్లు తుడుచుకుని, తీరుబడిగా వచ్చాను.

టోపీ తీయించి చూశాను. మచ్చలు గుండ్రంగా లేవు. ఒక చెవి వెనక నుంచి మెడ మీదుగా రెండో చెవి దాకా పట్టీ కట్టినట్టు జుట్టు ఊడిపోయింది. కనుబొమ్మల చివర్లు పలచబడ్డాయి. పిల్ల చేతులు నా చేతుల్లోకి తీసుకుని గోళ్లు చూశాను. సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. ఈ మూడూ ఒకే బిడ్డలో కలిసి కనబడటం ఏ డాక్టరూ చూడాలనుకోడు. అలాంటివాళ్లలో జుట్టు మొత్తం పోయి తిరిగి రానివాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు.

తల ఎత్తాను. శిల్ప నా భూతద్దాన్ని చూస్తోంది. వసుంధర మాత్రం నా మొహమే చూస్తోంది. ఆమెకు తెలుసు. గోళ్లు కూడా ఎప్పుడో చూసేసింది.

మంచినీళ్ల వంకతో వంటగదిలోకి వెళ్లాను. వెనకే వచ్చింది.

"తెలిసే వచ్చావు కదూ?" అన్నాను.

"తెలిసే వచ్చిన."

"మరి నాకేదో ఎక్కువ తెలిసినట్టు ఆ మాటలెందుకు? ఇదేనా నాకు చూపించడానికి దొరికిన కేసు? బాగుపడేవన్నీ నీ మెట్లమీద, బాగుపడనిది నా ఇంటికా?"

గట్టిగానే అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. పొయ్యిగట్టుకు ఆనుకుని నిలబడింది.

"మందు నువ్విచ్చినా నేనిచ్చినా అదే కదనే. మందు కోసం రాలే. ఇన్నేండ్లు అందరికి వస్తది తియ్ అని చెప్పి చెప్పి, రాదు అనే మాట నా నోటికి రాకుంట పోయింది. శిల్ప పొద్దున లేస్తే అడుగుతది. వస్తది అంట. పోరి అడుగుతది. వస్తది అంట. ఇంక ఎన్ని రోజులు అనాలె? నువ్వైతే చెప్తవ్. ఉన్నది ఉన్నట్టు చెప్పేటోళ్లు నాకు నువ్వు తప్ప ఎవరున్నరు?"

ఆమె కళ్లు తుడుచుకోవడం చూస్తూ నిలబడ్డాను. ఏ మాటతీరు వల్ల నా గది ఖాళీగా ఉండేదో, దానికోసమే ఆమె ఆటో కట్టించుకుని వచ్చింది. దానికి పొంగిపోవాలో కుంగిపోవాలో నాకు తెలియలేదు.

బయటికొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని అహన ఎదురుగా కూర్చున్నాను. తల్లికి కాదు, పిల్లకే చెప్పాను.

"అహనా, ఈ జుట్టు రావచ్చు. కానీ రాకపోవడానికే ఎక్కువ వీలుంది. నీది మొండి రకం. చర్మ వైద్యుల దగ్గర కొత్త మందులు ఉన్నాయి, వాళ్లకు కూడా చూపిద్దాం. వాటితో వస్తే సంతోషం. రాకపోతే అందులో నీ తప్పేమీ ఉండదు."

శిల్ప నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అహన నన్నే చూస్తూ అడిగింది.

"నూనె సరిగ్గ పెట్టుకోలేదని కాదా?"

"కాదు."

"స్కూల్ల చిప్స్ తిన్నందుకు?"

"అస్సలు కాదు."

"అమ్మమ్మ రోజూ వస్తది, వస్తది అంటది. నేను అద్దంల చూస్కుంట. రాదు. అమ్మమ్మ పెద్ద డాక్టర్ కదా, తను చెప్పింది ఎందుకు అయితలేదు? నేనే ఏదో తప్పు చేస్తున్న అనుకున్న."

వసుంధర గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెన్నలాంటి మాట ఆ పిల్లను ఇన్ని నెలలు ఎంత కోసిందో అప్పుడే ఆమెకు తెలిసింది. నా గరుకు మాటతో ఆ పిల్ల బిగబట్టిన భుజాలు సడలడం నేను కళ్లారా చూశాను. పరంధామయ్య గారు ఉంటే బాగుండేదనిపించింది. చూశారా సార్ అని ఆయన్ని అడగాలనిపించింది.

అహన కుర్చీ దిగింది. నా దగ్గరికే వస్తోందనుకుని చేతులు చాచాను. ఆమె నన్ను దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి, వసుంధర కడుపులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వసుంధర ఈసారి వస్తది అనలేదు. జుట్టు లేని ఆ చోటనే చెయ్యి వేసి, అలాగే నిమురుతూ నిలబడింది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. నిజం దాచకండి. చెప్పిన తర్వాత ఆ బిడ్డ మిమ్మల్ని దాటి ఇంకొకరి ఒళ్లోకి వెళ్లిపోతే బాధపడకండి అని కూడా రాయాలని ఉంది. కానీ నేను బాధపడ్డాను.